ఆదరణ కూడికల జంపఖానా

నేను ఒక జంపఖానాను. ఎవరైనా తివాచీ అంటే నమ్మకండి, గోడకు తగిలించి మురిసిపోయే రకం కాదు నాది. నూలు పోగులు, ఎర్ర పట్టీ ఒకటి, నీలం పట్టీ ఒకటి, నడుమ సన్నటి తెల్ల చార. అంతే నా సింగారం. ఇప్పుడు ఎరుపు వెలిసి ఇటుకపొడి రంగుకు దిగింది. నీలం సంగతి అడక్కండి. ఒక మూల ఎలుకలు కొరికాయి, ఇంకో మూల కొవ్వొత్తి పడి కాలింది. అయినా నా మీద కూర్చున్నవాళ్లు నన్నెప్పుడు చూసుకున్నారు గనక. వాళ్ల చూపు ఇంకెక్కడో ఉండేది.

నన్ను ఓరుగల్లులో నేశారు. మొగుడూ పెళ్లామూ మగ్గం దగ్గర పక్కపక్కనే కూర్చుని, పొద్దస్తమానం ఒకరినొకరు సాధించుకుంటూ నేశారు. పోగు వదులుగా లాగుతున్నావని ఆవిడ, మరీ బిగదీస్తున్నావని ఆయన. ఆ తగవులోనే నేను గట్టిపడ్డాను. మగ్గం మీదనుంచి దించిన రోజున ఆయన నన్ను అరచేత్తో నిమిరి, ఇది పెళ్లిపందిట్లో పరవాల్సిన సరుకు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేనెన్ని కలలు కన్నానో చెప్పలేను. సన్నాయి మేళం, ముత్తయిదువుల పట్టుచీరలు, నా మీద పొర్లాడే పిల్లలు. కలలకేం, ఖర్చు లేనివి.

నన్ను కొన్నది కొల్లేరుకు దగ్గర్లో, కాలువ గట్టున ఉన్న ఒక లంకపేట బాప్టిస్టు గుడి స్త్రీల సమాజం. ఆ ఆడవాళ్లు రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేర విడిగా కుండలో వేసేవారు. ఆ పిడికెడు బియ్యం పోగేసి అమ్మి నన్ను కొన్నారు. అంటే ఎవరో కడుపు కాస్త తగ్గించుకుంటే వచ్చినదాన్ని నేను. దానికి నాకు గర్వమే. తీరా ఊళ్లోకి వచ్చాక తెలిసింది, నన్ను కొన్నది పెళ్లిళ్లకు కాదని. చావు జరిగిన ఇళ్లల్లో పరవడానికట.

ఆ పేటలో మనిషి పోతే, మట్టి చేసిన రెండు మూడు రోజులకు సంఘమంతా ఆ ఇంటికి వెళ్లి పాటలు పాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసి ఓదార్చి వస్తారు. దాన్ని ఆదరణ కూడిక అంటారు. మగవాళ్లు బయట కుర్చీల్లో కూర్చుంటారు. ఆడవాళ్లు లోపల నా మీద. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటి చెబుతాను, ఏమీ అనుకోకండి. వచ్చినవాళ్లలో సగం మంది ఏడవడానికి వస్తారు, సగం మంది ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడవలేదో చూడ్డానికి వస్తారు. కోడలి కంట నీటి చుక్క లేదని గుసగుసలాడుకునే నోళ్లే, టీ రాగానే బిస్కెట్టు మెత్తబడిందని కూడా గుసగుసలాడతాయి. పాపం, మనుషులు. ఏడుపు మధ్యలో కూడా బతుకుతూనే ఉంటారు.

నా కాపురం మాత్రం సువార్తమ్మ గారింట్లో. ఆవిడ ఆ పేటకు బైబిలు స్త్రీ. అంటే గుడి తరఫున ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే మనిషి. ఆడవాళ్లకు చదువు చెబుతుంది, జబ్బు చేసినవాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థిస్తుంది, బాప్తిస్మం తీసుకోబోయే పిల్లలను తయారుచేస్తుంది. అందరికీ ఆవిడ అమ్మగారే. స్త్రీల సమాజానికి పెద్ద కూడా ఆవిడే కాబట్టి నన్ను మడిచి తన ముందుగదిలో భోషాణం మీద పెట్టుకునేది. ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్లు వచ్చి నన్ను పట్టుకెళ్లేవారు, వెనకాలే ఆవిడ వచ్చేది.

ఓదార్చడంలో ఆవిడను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. గొంతు అలాంటిది. తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, నా మధ్యలో కూర్చుని, పోయిన మనిషిని తలుచుకుని, ఆఖరున ఒక మాట చెప్పేది. మనవాడు ప్రభువులో బాప్తిస్మం పొందిన బిడ్డ, అందుకని మనది నిరీక్షణ లేని, ఆశ లేని ఏడుపు కాదు, రేపు పరలోకంలో మళ్లీ చూసుకుంటాం అని. ఆ మాటకు గదిలో ఊపిరి తేలికపడేది. నా మీద ఒరిగిపోయిన ఆడవాళ్లు లేచి కూర్చునేవారు. ఆవిడ భర్త పోయినప్పుడు కూడా ఆ మాటే తనకు తాను చెప్పుకుందట, నిబ్బరంగా నిలబడిందట. ఆయన ముప్పై ఏళ్ల కిందటే కాలువలో మునిగి బాప్తిస్మం పొందిన మనిషి. అనుమానానికి చోటేదీ.

ఎవరైనా తెలియక, మా ఆయన ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థించండమ్మా అంటే మాత్రం ఆవిడ ఊరుకునేది కాదు. పోయినవాళ్ల కోసం మన సంఘంలో ప్రార్థన చేయకూడదు, ప్రార్థనలు బతికున్నవాళ్లకే, వాళ్ల సంగతి వాళ్లు బతికుండగానే తేలిపోయింది అని మెత్తగానే అయినా గట్టిగా చెప్పేది. పాస్టరు పౌలు అయ్యగారు కూడా అదే చెప్పేవారు. ఆయన ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మనిషి, సిద్ధాంతం దగ్గర వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ జరగనిచ్చేవారు కాదు. వాళ్లది వాళ్ల నమ్మకం. జంపఖానాను, నాకేం తెలుసు.

బుల్లెమ్మ కొడుకు యోనా పోయినప్పటి కూడిక మాత్రం వేరు. బుల్లెమ్మ చేపల చెరువుల మీద కూలికి వెళ్లే మనిషి, సువార్తమ్మ కంటే నాలుగేళ్లు పెద్దది. యోనా రొయ్యల చెరువు దగ్గర మోటారు వేయబోయి కరెంటు కొట్టి పోయాడు. కుర్రాడు మంచివాడే కానీ గుడి గుమ్మం తొక్కి చాలాకాలమైంది, తాగుడు ఉంది, బాప్తిస్మం లేదు. ఆ కూడికలో సువార్తమ్మ పాడింది, వాక్యం చదివింది, తల్లికి బలమిమ్మని ప్రార్థించింది. ఆ చివరి మాట ఒక్కటి చెప్పలేదు. గదిలో అందరూ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది. అది రాలేదు.

అందరూ టీ తాగుతుంటే బుల్లెమ్మ పాక్కుంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మగారండీ, మావోడు ఎక్కడున్నాడండీ?"

సువార్తమ్మ తల దించుకుంది. దేవుడి చిత్తం మనకు తెలియదు బుల్లెమ్మా, ఉన్న ఆడపిల్లకైనా తొందరగా బాప్తిస్మం ఇప్పించు అని చెప్పి లేచింది. అబద్ధం చెప్పలేదు ఆవిడ. తన నమ్మకానికి సరిపడే మాటే చెప్పింది. కానీ బుల్లెమ్మ ఆ చెయ్యి వదిలేసి నా పోగులు పట్టుకుంది చూశారూ, ఆ పట్టు నాకు ఇప్పటికీ నొప్పే.

ఏళ్లు గడిచాయి. సువార్తమ్మకు ఒక్కతే కూతురు, కెజియ. తండ్రి పోయాక ఆ పిల్లే ఆవిడ లోకం. టీచరు ట్రైనింగు చదువుతోంది. తల్లిలా గంభీరం కాదు, వాగుడుకాయ. మధ్యాహ్నం పూట భోషాణం మీదనుంచి నన్ను లాగి, తలగడలా చుట్టి, దాని మీద తల పెట్టుకుని చదివేది. సావు జంపఖానా మీద పడుకోకే అని తల్లి కసిరితే, సచ్చినోళ్లు దీని మీద కూర్చోరు కదమ్మా, బతికినోళ్లే కూర్చుంటారు అనేది. ఆ పిల్ల ఒక్కర్తే నన్ను ఇష్టంగా ముట్టుకుంది.

ఆ ఏడు కెజియ బాప్తిస్మానికి సిద్ధపడింది. ఆ పేటలో బాప్తిస్మమంటే కాలువలోనే. తెల్లబట్టలు కట్టుకుని, పాటలు పాడుకుంటూ గట్టు మీదికి వెళ్లి, ఊరంతా చూస్తుండగా అయ్యగారు ఒక్కొక్కరిని నడుంలోతు నీళ్లలోకి దింపి ముంచి లేపుతారు. అయితే వేసవి వస్తే పైనుంచి కాలువ కట్టేస్తారు. మళ్లీ వానాకాలం సార్వా నాట్లకు వదిలేదాకా కాలువలో బురద, గుర్రపుడెక్క తప్ప ఏమీ ఉండదు. ఆ ఏడు ఇంకాస్త ముందుగా కట్టేశారు. పౌలు అయ్యగారు ఆలోచించి, పట్నంలో పెద్ద గుడి లోపల సిమెంటు తొట్టి ఉంది, పిల్లల్ని ఆటోలో తీసుకెళ్లి అక్కడే ఇచ్చేద్దామన్నారు.

మిగతా పిల్లలంతా వెళ్లారు. సువార్తమ్మ తన కూతుర్ని పంపలేదు. మా అమ్మకూ నాకూ ఈ కాలువలోనే ఇచ్చారు, నా బిడ్డకూ ఇక్కడే ఇవ్వాలి, ఊరుగాని ఊళ్లో తొట్టిలోనా, నీళ్లు వచ్చాక ఊరంతా చూస్తుండగా ఇప్పిస్తాను అంది. కెజియ, పోనీలే అమ్మా ఎక్కడైతే ఏంటి, నేనూ వెళ్తాను అంది కూడా. తల్లి వినలేదు. నిజం చెప్పొద్దూ, ఆ మాటలో కాస్త భక్తి ఉంది, కాస్త గొప్ప కూడా ఉంది. ఎంతోమంది పిల్లల్ని గట్టు మీదికి నడిపించిన మనిషి, తన పిల్లను నడిపించే రోజు కోసం ఆశపడింది. అందులో తప్పేముంది చెప్పండి. తెల్లచీర కొని, జాకెట్టు కుట్టించి, భోషాణంలో పెట్టింది. అంటే సరిగ్గా నా కిందే.

కెజియకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి రక్తంలో ఏవో పడిపోయాయన్నారు. పక్కింటివాళ్లు వచ్చి భోషాణం తెరవడానికి నన్ను దించినప్పుడు నాకర్థమైంది. వాళ్లు ఆ తెల్లచీర తీసుకెళ్లారు. బాప్తిస్మానికి కొన్నది కట్టబెట్టి పిల్లను మట్టిలో పెట్టారు.

మూడో రోజున సమాజం ఆడవాళ్లు వచ్చారు. ఆదరణ కూడిక కదా. ఒకావిడ నన్ను దించబోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న సువార్తమ్మ అప్పటిదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు.

"అది నా ఇంట్లో పరవకండి," అంది. "నాకు ఏ ఆదరణా వద్దు. ఎవరూ ఏమీ చెప్పకండి. మీరు చెప్పేవన్నీ నేను మీకు చెప్పినవే."

ఆడవాళ్లు నిలబడ్డచోటే నిలబడి కాసేపు ఏడ్చి వెళ్లిపోయారు. అయ్యగారు గుమ్మం దగ్గరే నిలబడి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలో అంతా ఉంది, ఆ ఒక్క మాట తప్ప. రేపు చూసుకుంటాం అన్న మాట ఆయన అనలేకపోయారు. ఆవిడ అది కనిపెట్టింది. ఆయన ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది, అచ్చం ఒకప్పుడు బుల్లెమ్మ ఆవిడను చూసినట్టే.

ఆ తర్వాత ఆ గదిలో నేనూ ఆవిడా మిగిలాం. మనిషి కుమిలిపోవడం నేను చాలా చూశాను కానీ ఇలాంటిది చూడలేదు. అవన్నీ ఒక పూట కూడికలు, పరిచి మడిచేస్తారు. ఇక్కడ నన్ను ఎవరూ మడవలేదు, ఎవరూ పరవలేదు, ఆవిడ బాధకు మొదలూ చివరా లేదు. పొయ్యి వెలిగించేది కాదు. పక్కింటివాళ్లు అన్నం తెచ్చి పెడితే చీమలు పట్టేది. ప్రార్థనకు మోకరించేది, నోరు తెరిచేది, ఏమీ రాక మళ్లీ లేచేది. ఒకరోజు గోడతో అన్నట్టుగా, నేనే ఆపాను, నేనే ఆపాను అని తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా అంటూనే ఉంది. చావాలని ఉందని కూడా ఒకసారి అంది. వెంటనే, చచ్చినా అది ఉన్న చోటికి పోతానో లేదో అంది. కూతురు లేకుండా పరలోకమైనా తనకు అక్కర్లేదన్నది ఆవిడ గోడు. ఆ గోడు ఎవరితో చెప్పుకోగలదు, బైబిలు స్త్రీ అయ్యుండి.

ఆ వారంలోనే కాలువకు నీళ్లు వదిలారు.

పిల్లలు కేకలు వేసుకుంటూ గట్టు వెంట పరిగెత్తారు. నీళ్లు వచ్చాయి, నీళ్లు వచ్చాయి అని. సువార్తమ్మ లేచింది. మూలనున్న బిందె తీసుకుంది. తర్వాత జరిగింది నేను చూడలేదు, ఆడవాళ్లు కిటికీ దగ్గర చెప్పుకుంటుంటే విన్నాను. కాలువలో బిందె ముంచి, తలమీద పెట్టుకుని సమాధుల తోటకు వెళ్లిందట. కూతురి మట్టిదిబ్బ మీద ఆ నీళ్లు పోసిందట. మళ్లీ వెళ్లి మళ్లీ తెచ్చి పోసిందట. మట్టి జారిపోయి కాళ్లకింద బురదైపోయినా ఆపలేదట. ఎవరో చేతులు పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. మోచేతుల దాకా మట్టి. బైబిలమ్మకు మతి చలించిందని పేటంతా అనుకున్నారు.

సాయంత్రం పౌలు అయ్యగారు వచ్చారు. కుర్చీలో కూర్చుని, చాలా నెమ్మదిగా, చాలా ప్రేమగానే చెప్పారు. అలా చేయకూడదమ్మా, అది వాక్యానుసారం కాదు, అయినా మన సంఘంలో నీళ్లు చల్లి బాప్తిస్మమిచ్చే చిలకరింపు లేదు కదా అన్నారు. మనుషులు ఎంత మంచివాళ్లో అంత తెలివితక్కువవాళ్లు. మట్టిచేతులతో కూర్చున్న తల్లికి చిలకరింపుకూ మునకకూ తేడా చెబుతున్నాడాయన. ఆయన వెళ్లాక ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఇక లేవదేమో అనిపించింది నాకు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బుల్లెమ్మ వచ్చింది. చెరువు పనినుంచి అటే వచ్చినట్టుంది, చీర దోపి ఉంది, ఒళ్లంతా చేపల వాసన. ఏమీ అడగకుండా భోషాణం దగ్గరికి వెళ్లి నన్ను దించి నేలమీద విదిలించి పరిచింది. అంతకాలం మడతలో ఉన్నదాన్ని, నా వెన్ను నిటారైంది.

వద్దన్నాను కదా అంది సువార్తమ్మ, గోడవైపు నుంచి తిరక్కుండానే.

తన కోసమే పరుచుకుంటున్నానని, తన మోకాళ్లు ఉత్త నేలమీద ఆగవని చెప్పి బుల్లెమ్మ నా మీద కూర్చుంది. తెచ్చిన గిన్నె మూత తీసి పక్కన పెట్టింది. గంజి. తాగమనలేదు. వాక్యం చెప్పలేదు, ఆవిడకు చదువు రాదు. పాడనూ లేదు. ఎండ గుమ్మంలోంచి జరిగి జరిగి గోడెక్కేదాకా అలాగే కూర్చుంది. మధ్యలో కళ్లు తుడుచుకుంది, అంతే. ఇన్నేళ్లలో నా మీద అంత చప్పుడు లేని ఆదరణ కూడిక జరగలేదు.

చివరికి సువార్తమ్మే ఇటు తిరిగింది.

"నీకు నా మీద కోపం రాలేదా?" అంది.

"రాకేమండి," అంది బుల్లెమ్మ. "చానా వచ్చింది. ఆయేళ మీరు తల దించేసుకున్నారు. మా ఇంటోకి దీపం తెచ్చినోళ్లే ఊదేసి ఎళ్లిపోయినట్టయింది నాకు. గుడి మానేద్దారనుకున్నాను. మానేత్తే మావోడి గురించి అడగటానికి నాకింకెవరున్నారండి? అందుకనే వత్తన్నాను."

సువార్తమ్మ లేచి కూర్చుంది.

"అడిగావా?"

"రోజూ అడుగుతానండి. సచ్చిపోయినోళ్ల గురించి అడగకూడదన్నారు కదండీ మీరు. అందుకని పైకి అనకుండా, చెరువు కాడ వల లాగుతా, కూర తరుగుతా, లోపల్లోపలే అడుగుతాను. మావోణ్ని ఒగ్గీయకు అయ్యా అని."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదండి." బుల్లెమ్మ నా కుచ్చులు వేలికి చుట్టుకుంది. "లేదని కూడా అన్లేదండి ఇప్పటిదాకా."

నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. పెద్ద పెద్ద బోధకులు నా పక్కన నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పినవి విన్నాను. వాటిలో ఒక్కటీ ఆ గదిలో ఆ పని చేసి ఉండేది కాదు. సువార్తమ్మ ముఖం వంకరపోయింది. గోడ దగ్గర్నుంచి చేతులమీద పాక్కుంటూ నా అంచు మీదికి, నా మధ్యకు, బుల్లెమ్మ ఒడిదాకా వచ్చింది. అంతకుముందు ఆవిడ నా మీద కూర్చోవడమే గానీ ఒరిగింది లేదు. ఆ రోజు పడిపోయింది. కూతురు పోయినప్పటి నుంచి రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. కడుపులోంచి, పశువు అరిచినట్టు. నేను మొత్తం తడిసిపోయాను.

అక్కా అంది ఏడుస్తూ. పేటలో ఎవరినీ ఆవిడ అక్కా అనలేదు, అందరికీ అమ్మగారే కదా ఆవిడ. అక్కా, ప్రభువా అనడానికి నాకు నోరు రావడం లేదు, దాన్ని ఆపింది నేను, ఏ ముఖం పెట్టుకుని అడగను అంది. నీ కొడుకు విషయంలో ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు, ఇప్పుడు నా కూతురి విషయంలో ఎవరికీ రావడం లేదు అంది.

బుల్లెమ్మ ఆవిడ జుట్టులో చెయ్యి పెట్టి చిక్కు విడదీస్తూ ఉండిపోయింది. తర్వాత, ఏదో చెరువు పని పంచుకుంటున్నంత మామూలుగా అంది:

"ఒక పని సేద్దామండి. మావోడి గురించి మీరు అడగండి. మీ పాప గురించి నేను అడుగుతాను."

సువార్తమ్మ తలెత్తింది. ఆవిడ భయపడింది, నాకు బాగా తెలుసు. జీవితమంతా ఎవరినీ చేయనివ్వని పని అది. వాళ్ల గుళ్లల్లో ఎక్కడ చెప్పినా తప్పే అంటారు. తనే అనేది. అయినా మోకాళ్లమీదికి లేచింది. పక్కన బుల్లెమ్మ కూడా మోకరించింది, ఆ మోకాళ్లు పటపటమన్నాయి. ఇద్దరి బరువూ నా మీద పడింది. సువార్తమ్మ ప్రార్థన అంటే అరగంట, గ్రాంథికంలో, గోదారి పారినట్టు. ఆ రోజు మాత్రం మాటలు ఒక్కొక్కటే ఊడివచ్చాయి.

"తండ్రీ, యోనా. బుల్లెమ్మక్క కొడుకు. వాణ్ని నేను మర్చిపోయాను. నువ్వు మర్చిపోకు."

అంతకంటే ఆవిడకు రాలేదు. బుల్లెమ్మ పొలంగట్టున ఆసామితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అయ్యా, కెజియ పాప. తెల్లచీర కొనుక్కుంది. నీళ్లు రాలేదు. అందులో ఆ పిల్ల తప్పు లేదు, ఆళ్లమ్మ తప్పూ లేదు, నీకు తెల్దా. నీ కాడే ఉంచుకో పాపని. ఆళ్లమ్మ వచ్చేదాకా సూసుకో."

ఆకాశం తెరుచుకోలేదు. వెలుగేమీ రాలేదు. ఈగలు గంజి మీద ముసురుతూనే ఉన్నాయి. ఓదార్పు దొరికిందా అంటే నేను ఔననలేను. ఆ సాయంత్రం సువార్తమ్మ సగం గిన్నె గంజి తాగింది. నన్ను మడవలేదు. నా మీదే పడుకుని నిద్రపోయింది. తెల్లారి లేచి మళ్లీ ఏడ్చింది. కానీ నేనే ఆపాను అన్న మాట మళ్లీ ఆవిడ నోట నేను వినలేదు.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం బుల్లెమ్మ వచ్చేది. ఇద్దరూ నా మీద కూర్చుని ఒకరి బిడ్డ కోసం ఒకరు అడిగేవారు. ఏడ్చే రోజులు ఏడ్చేవారు. కొన్ని రోజులు యోనా చిన్నప్పుడు చేసిన అల్లరి, కెజియ వాగుడు తలుచుకుని నవ్వేవారు కూడా. సువార్తమ్మ మెల్లగా మళ్లీ ఆదరణ కూడికలకు వెళ్లడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎక్కువ మాట్లాడదు. పోయినవాళ్ల తల్లి పక్కనో, పెళ్లాం పక్కనో కూర్చుని చెయ్యి పట్టుకుంటుంది. ఆఖరి మాట ఇంకా చెబుతుంది కానీ ముందులా అంత తేలిగ్గా రాదు ఆ మాట, ఎంతో దూరం నుంచి మోసుకొచ్చి దించినట్టు చెబుతుంది. ఇప్పుడు అందరి ఇళ్లల్లోనూ చెబుతుంది. వాళ్లు మునిగారా లేదా అని ముందుగా కనుక్కోదు.

నా పని కూడా అయిపోయింది. సమాజం వాళ్లు ప్లాస్టిక్కు కుర్చీలు కొన్నారు. మోకాళ్లనొప్పుల కాలం, నేలమీద ఎవరు కూర్చుంటారు. నన్ను గోనెసంచుల్లో వేసి పారేద్దామంటే సువార్తమ్మ ఇవ్వలేదు. పోగులు వీడి, చిల్లులు పడి, ఇద్దరు ముసలమ్మలు కూర్చోవడానికి సరిపోయేంతగా మిగిలాను. పెళ్లిపందిరి మాట నేను మర్చిపోయి చాలా రోజులైంది.

ఈ ఇద్దరూ చేస్తున్న పని బయటికి పొక్కకుండా ఉంటుందా. ఎవరో వెళ్లి పౌలు అయ్యగారి చెవిన వేశారు. మొన్న మధ్యాహ్నం ఆయన వచ్చారు. ఆయన జుట్టు కూడా నెరిసింది. సువార్తమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండా నిలబడే ఉన్నారు. పోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తున్నారట, సంఘంలో బైబిలు స్త్రీగా ఉన్న మనిషి ఇలా చేస్తే చిన్నవాళ్లకు ఏం చెప్పమంటారమ్మా అన్నారు. ఇదెంతవరకూ న్యాయం అన్నారు.

సువార్తమ్మ వాదించలేదు. తప్పేనేమో అయ్యగారూ, తప్పయితే ఆయనే చెబుతాడు, ఆయన చెప్పేదాకా అడుగుతాం, అడగకుండా మాత్రం బతకలేం అంది. బుల్లెమ్మ తన మానాన తను చింతపండు గింజలు తీసుకుంటోంది.

అయ్యగారు వెళ్లిపోతారనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లి చెప్పులు తొడుక్కున్నారు. తర్వాత చెప్పులు విడిచి వెనక్కి వచ్చి, కుర్చీలో కాదు, నా మీద, నా చిల్లుల మీద, ఆ ఇద్దరు ఆడవాళ్ల ముందు కూర్చున్నారు. పాస్టరుగారు నా మీద కూర్చోవడం అదే మొదలు.

"మా నాన్న ప్రభువును ఎరక్కుండా పోయాడమ్మా. నేను మతం మారానని ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. పోయేటప్పుడు కబురు పెట్టాడట, ఒక్కసారి చూడాలని ఉందని. నేను చేరేసరికి అయిపోయింది. అలాంటివాళ్లకు నిరీక్షణ లేదని నేనే ఎన్నో ఊళ్లల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆయనే గుర్తొచ్చేవాడు."

బుల్లెమ్మ చింతపండు పక్కన పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నాన్నగారి పేరేంటండి అయ్యగారూ?"

"అప్పలస్వామి."

"అప్పలస్వామి," అని బుల్లెమ్మ మర్చిపోకుండా ఇంకోసారి అనుకుంది. ముగ్గురూ కళ్లు మూసుకున్నారు.